ఎయిర్ ప్లాంట్ ఇంట్లో బతకాలంటే: తడపడం కంటే ఆరబెట్టడం ముఖ్యం

"మట్టి అక్కర్లేదు, నీళ్లూ అక్కర్లేదు, గాలి పీల్చుకుని బతికేస్తుంది" అని చెప్పి ఎయిర్ ప్లాంట్లు అమ్ముతుంటారు. మట్టి అక్కర్లేదన్న మాట నిజమే. నీళ్ల సంగతి నమ్మి తెచ్చి టీవీ పక్కన షోకేసులో పెట్టారంటే, మొక్క చడీచప్పుడు లేకుండా ఎండిపోతుంది, ఎండిపోయిందని కూడా చాలా రోజుల దాకా మీకు తెలియదు, ఎందుకంటే బతికున్నప్పుడూ అది బూడిద రంగులోనే ఉంటుంది. ఇంకొందరు దీనికి పూర్తిగా ఉల్టా. పాపం అని రోజూ సాయంత్రం స్ప్రే కొడతారు, పదిరోజులకు మధ్యలో ఆకు పట్టుకుంటే చేతిలోకి ఊడొస్తుంది. మన దగ్గర ఈ రెండో రకం చావులే ఎక్కువని నా లెక్క. నీళ్లు ఇవ్వడం పెద్ద విద్యేం కాదు, ఇచ్చాక ఆరబెట్టడంలోనే ఉంది విషయమంతా.

పద్ధతి చెప్పే ముందు ఈ మొక్క ఏమిటో కాస్త తెలిస్తే మిగతాదంతా సులువు. మనం ఎయిర్ ప్లాంట్ అంటున్నది టిల్లాండ్సియా. అనాస కుటుంబం. అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి మెక్సికో, గ్వాటెమాల మీదుగా అర్జెంటీనా, చిలీ దాకా 600కు పైగా జాతులున్నాయి. చెట్ల కొమ్మల మీద, రాళ్ల మీద, కొన్నయితే కరెంటు తీగల మీద కూడా పెరుగుతాయి. టెక్సాస్‌లో ఉండే మనవాళ్లు ఓక్ చెట్లకు బంతుల్లా పట్టుకుని ఉండేవి చూసే ఉంటారు, అదీ ఈ జాతే. అయితే ఇది మామిడి చెట్టుకు పట్టే బదనిక లాంటిది కాదు, చెట్టు రసం పీల్చదు. వేర్లు పట్టుకోవడానికే, తాగడానికి కాదు. తాగేది ఆకులతో.

ఆకు మీద బూడిదలా కనిపించేవి ట్రైకోమ్‌లు అనే సన్నని పొలుసులు. మీ మొక్క ఆకు మీద ఒక్క చుక్క నీళ్లు వేసి దగ్గరగా చూడండి, చుక్క పడ్డ చోట తెల్లదనం పోయి కొన్ని క్షణాల్లోనే పచ్చగా మారుతుంది. పొలుసులు తడిసి నీటిని లోపలికి లాగుతున్నాయన్నమాట. ఆరాక మళ్లీ తెల్లబడుతుంది. ఈ రంగు మార్పు గుర్తుపెట్టుకోండి, ఆరిందా లేదా అని తేల్చుకోవడానికి రోజూ పనికొస్తుంది.

ఇంకొక్క విషయం. ఈ మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసేసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. పగటి ఎండలో ఒంట్లో నీళ్లు పోకుండా వాటి జాగ్రత్త అది. కాబట్టి రాత్రి పూట ఆకు తడిగా ఉంటే దానికి గాలి ఆడదు. అందుకే సాయంత్రం స్ప్రే కొట్టకండి. నీళ్లు ఎప్పుడైనా పొద్దున్నే.

ముందు మీ దగ్గర ఉన్నది ఏ రకమో చూసుకోండి

పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, ఆకు చూస్తే చాలు. ఆకు తెల్లగా, గరుకుగా, నూగుతో ఉంటే అది ఎండ, వెలుతురు తట్టుకునే రకం, నీళ్లు తక్కువ చాలు. ఆకు నున్నగా, పచ్చగా, మెత్తగా ఉంటే నీడ ఇష్టపడే రకం, నీళ్లు ఎక్కువ అడుగుతుంది.

మొదటిసారి కొనేవాళ్లకు ఐయనాంథా మంచిది. అరచేతిలో పట్టేంత చిన్నది, చిన్న చిన్న పొరపాట్లు ఓర్చుకుంటుంది. జెరోగ్రాఫికా పెద్దది, వెండి రంగు ఆకులు రింగులు తిరిగి ఉంటాయి, ఖరీదూ ఎక్కువే. ఇది అడవి నుంచి దోచుకుపోకుండా అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న మొక్క, అందుకని నర్సరీలో పెంచినదేనా అని అడిగి కొనండి. కాపుట్ మెడూసె, బల్బోసా అనే రకాల మొదలు ఉల్లిగడ్డలా ఉబ్బి లోపల డొల్లగా ఉంటుంది, వీటిని నీళ్లలో నానబెట్టకూడదు, లోపల నీళ్లు చేరితే ఇక రావు. టెక్టోరం అనేది ఈక్వడార్, పెరూ కొండల్లోది, తెల్లటి బొచ్చు కప్పుకుని చూడగానే కొనాలనిపించేలా ఉంటుంది, కానీ మన కోస్తా ఉక్కకు అది కష్టం. విజయవాడ, కాకినాడ వాళ్లు దాని జోలికి పోకపోవడమే నయం.

మన నర్సరీల్లో అన్నిటికంటే ఎక్కువ దొరికేది స్పానిష్ మాస్, జడలు జడలుగా వేలాడేది. తక్కువ ధరకే వస్తుంది, కాబట్టి చేయి తిరిగే దాకా దీనితో మొదలుపెట్టినా తప్పులేదు. దీన్ని ఒత్తుగా గుత్తి కట్టి వేలాడదీస్తే బయటికి పచ్చగా కనిపిస్తూనే లోపల ఎండి నల్లటి పీచు అయిపోతుంది. ఆ పీచు ఎంత గట్టిదంటే, లూసియానాలో ఒకప్పుడు దాన్నే శుభ్రం చేసి పరుపుల్లో, కారు సీట్లలో కూరేవాళ్లు. అందుకని తెచ్చిన రోజే గుత్తి విప్పండి, పాయలు పాయలుగా విడదీసి పలచగా వేలాడదీయండి. బాల్కనీలో అయితే వల కూడా ఉండాలి, లేదంటే పావురాలు, ఉడతలు గూటికి పీచు దొరికిందని లాక్కుపోతాయి.

కొనేటప్పుడు మొక్కను చేతిలోకి తీసుకుని మొదలు దగ్గర రెండు వేళ్లతో మెల్లగా నొక్కండి. గట్టిగా ఉండాలి. మెత్తగా ఉన్నా, నల్లగా ఉన్నా అక్కడే పెట్టేయండి. ఎరుపు, నీలం రంగులు పూసి అమ్మేవి అసలు వద్దు, ఆకుతో తాగే మొక్క ఆకులకు పెయింటు వేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు కదా.

ఎక్కడ పెట్టాలి

తూర్పు కిటికీ దగ్గర, కిటికీకి మూడడుగుల లోపు. పొద్దుటి లేత ఎండ గంటో గంటన్నరో తగిలితే ఇంకా మంచిది. పడమటి బాల్కనీ అయితే ఫిబ్రవరి దాటాక నేరుగా ఎండ తగలకుండా షేడ్ నెట్ కట్టండి, లేదా గోడ వెనక్కి జరపండి. ఎండ దెబ్బ తగిలిన ఆకు మీద ముందు పాలిపోయిన మచ్చ వస్తుంది, తర్వాత అది గోధుమ రంగులోకి తిరుగుతుంది, ఆ మచ్చ ఇక పోదు.

వెలుతురు ఎంత ముఖ్యమో గాలి అంత ముఖ్యం. మూతపెట్టిన గాజు సీసాలో, గాజు బంతిలో పెట్టి ఫొటోలు పెడుతుంటారే, అవి ఫొటో వరకే. గాలి ఆడని గాజులో తడి మొక్కను పెడితే కుళ్లబెట్టడానికి పెట్టినట్టే. ఒకవైపు పూర్తిగా తెరిచి ఉన్న గాజు గిన్నె అయితే సరే, అది కూడా మొక్క బాగా ఆరాకే పెట్టాలి. బాత్రూంలో పెడితే తేమకు బాగుంటుందని కొందరు చెప్తారు, పెద్ద కిటికీ ఉన్న బాత్రూం అయితే ఓకే, మన అపార్ట్‌మెంట్లలో ఉండే చిన్న వెంటిలేటర్ బాత్రూంలకు ఆ సలహా పనికిరాదు, వెలుతురు చాలదు.

సీలింగ్ ఫ్యాన్ తిరిగే హాలు వీటికి భేషైన చోటు. ఏసీ గాలి మాత్రం నేరుగా తగలనివ్వకండి, ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది. అమెరికాలో హీటర్ వేసుకునే ఇళ్లలో చలికాలం ఇదే సమస్య.

ఏ నీళ్లు

ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. మంచి జాగ్రత్తగా చూసుకునేవాళ్లు కూడా.

బోరు నీళ్లు వద్దు. హైదరాబాద్ శివార్లలో, రాయలసీమలో, నల్లగొండ వైపు బోర్లలో ఉప్పు, సున్నం ఎంత ఉంటాయో మీ బకెట్టు అంచు చూస్తేనే తెలుస్తుంది. బకెట్టుకు పట్టే ఆ తెల్ల చారే ఆకు పొలుసులకూ పట్టి వాటిని మూసేస్తుంది. అప్పుడు మీరు ఎన్ని నీళ్లు పోసినా మొక్క తాగలేదు. మున్సిపాలిటీ నల్లా నీళ్లు, అంటే కృష్ణా, మంజీరా లాంటి నది నీళ్లు వస్తుంటే వాడొచ్చు. క్లోరిన్ వాసన పోయేలా ముందురోజు రాత్రి మూత లేని బకెట్టులో పట్టి ఉంచండి. ఇంట్లో ఆర్వో ఉంటే ఆ మంచినీళ్లు వాడొచ్చు, కానీ ఆర్వో గొట్టం నుంచి బయటికి పోయే నీళ్లు పట్టి మొక్కలకు పోసే అలవాటు ఉంటే అది వీటికి వద్దు, బోరులోని ఉప్పంతా చిక్కబడి ఉండేది అందులోనే. అన్నిటికంటే మేలైనవి వాన నీళ్లు. వాన మొదలైన వెంటనే పట్టకండి, డాబా మీది దుమ్ము కాస్త కడుక్కుపోయాక పట్టి, మూత ఉన్న డబ్బాలో దాచుకోండి.

రాగి సంగతి విడిగా చెప్పాలి. టిల్లాండ్సియాలకు రాగి పడదు, కొద్ది మోతాదులో కూడా విషమే. ఆరోగ్యానికి మంచిదని మనం రాగి బిందెలో, రాగి చెంబులో నిలవ ఉంచే నీళ్లు మనమే తాగుదాం, మొక్కకు వద్దు. ఏసీ నుంచి కారే నీళ్లు శుభ్రంగా ఉంటాయి కదా అని చాలామంది పడతారు, కానీ చాలా ఏసీల లోపలి కాయిల్ గొట్టాలు రాగివే, ఆ నీళ్లలో రాగి కలిసే అవకాశం ఉంది, రిస్కు ఎందుకు. కట్టడానికి రాగి తీగ వాడకండి. గులాబీలకు తెగులు వచ్చిందని బోర్డో మిశ్రమమో, కాపర్ ఆక్సీక్లోరైడో, అలాంటి రాగి మందేదైనా కొడుతుంటే ముందు ఎయిర్ ప్లాంట్లను లోపలికి తీసుకెళ్లండి, ఒక్క స్ప్రే చాలు వాటి పని అయిపోవడానికి.

బియ్యం కడిగిన నీళ్లు, అరటి తొక్కలు నానేసిన నీళ్లు, జీవామృతం, పులిసిన మజ్జిగ, మన మిద్దె తోటల వాళ్లకు ఇవన్నీ అమృతాలే. మట్టిలో అవి కుళ్లి ఎరువుగా మారతాయి. ఇక్కడ మట్టే లేదు, ఆకు మీద గంజిలా పేరుకుని బూజు పడుతుంది. కాబట్టి వద్దంటే వద్దు.

తడిపే పద్ధతి

వారానికి ఒకసారి, పొద్దున్నే, ఒక టబ్బులో గది వేడికి ఉన్న నీళ్లు తీసుకుని మొక్కను పూర్తిగా ముంచండి. తెల్ల ఆకుల రకాలకు 15 నుంచి 20 నిమిషాలు, పచ్చ ఆకుల రకాలకు అరగంట. పూత మీద ఉంటే పూవును నీళ్ల పైన ఉంచి ఆకులు మాత్రమే ముంచాలి. జెరోగ్రాఫికా లాంటి పెద్దవాటిని ముంచి వెంటనే తీసేసినా చాలు. కాపుట్ మెడూసె, బల్బోసాలను తలకిందులుగా పట్టుకుని కొళాయి కింద తడిపి తీసేయండి, లేదా బాగా కారేలా స్ప్రే చేయండి. స్పానిష్ మాస్‌ను బకెట్టులో ముంచి తీసి అలాగే వేలాడదీస్తే సరిపోతుంది, కాకపోతే వారానికి రెండు మూడుసార్లు.

ఉత్త స్ప్రే మీదే మొక్కను నడపగలమా అంటే, మన ఎండలకు కష్టం. స్ప్రే మధ్యలో అదనంగా ఇచ్చేది మాత్రమే.

ఆరబెట్టడం

నీళ్లలోంచి తీశాక మొదలు పట్టుకుని తలకిందులు చేసి, గట్టిగానే, నాలుగైదుసార్లు విదిలించండి. చుక్కలు పడటం ఆగిందనుకున్నాక ఇంకోసారి విదిలించండి. ఆకులు కలిసే నడిమధ్యలోంచి మళ్లీ కొన్ని చుక్కలు పడతాయి చూడండి, మొక్కను చంపేవి అవే.

ఆ తర్వాత చిల్లుల బుట్టలోనో, స్టీలు జాలీ మీదో బోర్లించి ఫ్యాన్ కింద పెట్టండి. నాలుగు గంటల్లో పూర్తిగా ఆరాలి. ఆరాక ఆకుల మధ్య చూడండి, అక్కడ కూడా తెల్లదనం తిరిగొచ్చి ఉంటే అప్పుడు దాని చోట్లో దాన్ని పెట్టొచ్చు. ఆఫీసుకు వెళ్లే హడావుడిలో నానబెట్టి వెళ్లిపోయి సాయంత్రం తీద్దామనుకునేవాళ్లు ఆదివారం పొద్దున ఈ పని పెట్టుకోండి, టెన్షన్ ఉండదు.

కాలాన్ని బట్టి

మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా, ముఖ్యంగా రోహిణి కార్తెలో, హైదరాబాద్, అనంతపురం లాంటి పొడి చోట్ల వారానికి రెండుసార్లు ముంచాలి, మధ్యలో ఒకటి రెండు రోజులు పొద్దున స్ప్రే. పొడి వేడిలో త్వరగా ఆరిపోతుంది కాబట్టి కుళ్లు భయం తక్కువ. కూలర్ ఉన్న గది మంచిదే, తేమా గాలీ రెండూ దొరుకుతాయి, కూలర్‌లో పోసేది బోరు నీళ్లయితే మాత్రం ఆ తుంపరలు పడనంత దూరంగా పెట్టండి.

వానాకాలంలో లెక్క మారిపోతుంది. ముసురు పట్టి నాలుగు రోజులు బట్టలే ఆరని వారంలో మొక్క ఎలా ఆరుతుంది. అలాంటప్పుడు నీళ్లు మానేయండి, వారం దాటినా ఫర్వాలేదు. విశాఖ, కోనసీమ వైపు గాల్లోనే తేమ ఉంటుంది కాబట్టి జులై నుంచి అక్టోబరు దాకా పది పన్నెండు రోజులకు ఒకసారి ముంచి తీసినా బతుకుతాయి. ఫ్యాన్ మాత్రం ఆపకండి. కరెంటు పోయే ఊళ్లలో అయితే గాలి వీచే వరండాలో, చూరు కింద వేలాడదీయండి.

చలికాలం మన దగ్గర వీటికి హాయి కాలమే. వారానికి ఒక్కసారి, కాస్త ఎండ వచ్చాక తడపండి. ఆదిలాబాద్, అరకు లాంటి చోట్ల రాత్రి పది డిగ్రీల కిందికి పడితే లోపల పెట్టండి.

ఎరువు

నెలకు ఒకసారి చాలు, వెయ్యకపోయినా చావదు. నీళ్లలో పూర్తిగా కరిగే 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) తీసుకుని లీటరుకు ఒక గ్రాము దాటకుండా కలిపి, మామూలుగా ముంచే నీళ్లకు బదులు అందులో ముంచండి. సూక్ష్మపోషకాల పౌడర్లలో రాగి, జింక్ ఉంటాయి, ప్యాకెట్ మీద చదవకుండా వేయకండి.

దేనికి కట్టాలి

కొబ్బరి చిప్ప, ఎండిన మామిడి కొమ్మ, కార్క్ ముక్క, టెర్రకోట గిన్నె, ఏదైనా సరే, నీళ్లు నిలవకుండా ఉంటే చాలు. నైలాన్ దారంతో మొదలు కింద వదులుగా ఒక చుట్టు చుట్టి కట్టండి. చెద పట్టకుండా మందు పెట్టిన చెక్క వద్దు, ఆ మందుల్లో కొన్నిటిలో రాగి ఉంటుంది. కొబ్బరి పీచు కుదురులా చేసి అందులో కూర్చోబెట్టకండి, చూడ్డానికి బాగుంటుంది గానీ పీచు తడి పట్టుకుని మొదలును కుళ్లబెడుతుంది. మొక్క ఊడదీసి ముంచడానికి వీలుగా కట్టుకుంటే మీకే సుఖం.

ఏదో తేడాగా ఉందనిపిస్తే

కింది వరసలో ఒకటి రెండు ఆకులు ఎండటం మామూలే, మెల్లగా లాగి తీసేయండి. ఆకు కొసలు మాత్రమే ఎండుతుంటే గాలి పొడిగా ఉందని, లేదా నీళ్లలో ఉప్పు ఉందని. ఆకులు లోపలికి ముడుచుకుని గొట్టంలా అవుతుంటే దాహం, అలాంటప్పుడు పొద్దున ముంచి మధ్యాహ్నం దాకా నీళ్లలో ఉంచండి, చాలావరకు తేరుకుంటుంది. అదే మధ్యలో ఆకు పట్టుకోగానే ఊడివచ్చి, దాని మొదలు గోధుమ రంగులో మెత్తగా ఉంటే కుళ్లు మొదలైపోయింది. నడిమధ్య కుళ్లితే ఆ మొక్క ఇక దక్కదు, పక్కన పిలక ఉంటే దాన్ని విడదీసి కాపాడుకోండి. చీమలు తిరుగుతున్నాయంటే ఆకుల సందుల్లో పిండినల్లి ఉందేమో చూడండి. ఉంటే ఇయర్‌బడ్‌ను సర్జికల్ స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కదాన్నీ తుడిచి, తర్వాత మంచినీళ్లతో కడిగేయండి. వేపనూనె లాంటివి పొలుసుల మీద జిడ్డుగా పేరుకుంటాయి, వీటికి వాడకపోవడమే మంచిది.

పూత, పిలకలు

ఐయనాంథా పూతకు వచ్చే ముందు నడుమ ఆకులు ఎర్రబడతాయి, ఆ ఎరుపులోంచి సన్నగా గొట్టంలాంటి ఊదా పూలు బయటికొస్తాయి. ఒక్కో మొక్క జీవితంలో ఒకేసారి పూస్తుంది. పూసిన తర్వాత తల్లిమొక్క నెమ్మదిగా, నెలల తరబడి వాడిపోతుంది, అది మీ తప్పు కాదు. ఈలోపు మొదలు పక్కన అరటికి వచ్చినట్టే పిలకలు వస్తాయి. తల్లి ఎండుతోందని తొందరపడి పీకేయకండి, పిలకలకు అన్నం పెడుతున్నది అదే. పిలక తల్లిలో సగం సైజుకు వచ్చాక మొదలు దగ్గర పట్టుకుని మెలితిప్పితే ఊడొస్తుంది. రాకపోతే వదిలేయండి, గుత్తిగా పెరిగినా బాగానే ఉంటుంది. విడదీసిన పిలక పూతకు రావడానికి ఏడాది నుంచి కొన్నేళ్లు పడుతుంది.

ఎవరికైనా పంపాలన్నా తేలికే. పిలకను ఒక రోజంతా ఆరనిచ్చి, ప్లాస్టిక్ కవరులో కాకుండా పాత న్యూస్ పేపర్‌లో చుట్టి, అట్టపెట్టెకు నాలుగు చిల్లులు పెట్టి కొరియర్ చేయండి, వారం రోజులు దారిలో ఉన్నా ఏం కాదు. అందుకున్నవాళ్లకు చెప్పాల్సింది, పెట్టె రాత్రి పూట విప్పినా సరే, తెల్లారాకే ముంచమని.